రెండు పాదాలూ గాలిలో ఉండాలి

దగ్గరికి రా తల్లీ, ఇంకా దగ్గరికి. ఆ చాప ఇలా లాక్కుని కూర్చో. సముద్రపు గాలికి సగం మాట కొట్టుకుపోతుంది, మిగిలిన సగం విని రేపు నువ్వు తప్పుగా చెబుతావు. కవ్వళ్ళు, అవే ఆ చిన్న చేపలు, హెల్మెట్ పెట్టుకుని స్కేటింగ్ చేసిన ఊరొకటి ఉంది. అప్పుడే నవ్వకు. ముందు విను, నవ్వాలో వద్దో తరవాత చూసుకుందువుగాని.

ఆ ఊరు తెప్పలవానిపాలెం. నూట ఇరవై గడప. ఇళ్ళ ముందు ఇసుక, ఇసుక దాటితే తెప్పలు, తెప్పలు దాటితే సముద్రం. ఆ ఊళ్ళో దేముడమ్మ అని ఒక మనిషి. యాభై ఆరేళ్ళుంటాయి. ఒళ్ళు సన్నం, మెడ మాత్రం పందిరి గుంజలా ఉంటుంది. మొగుడు సన్నాసి చీకటి ఉండగానే వేటకు పోయి పొద్దు పొడిచేసరికి ఒడ్డుకు వస్తాడు. అతను తెచ్చిన చేపను దేముడమ్మ సముద్రపు నీళ్ళలోనే కడిగి, గంపకెత్తుకుని, తీరం వెంట రెండు మైళ్ళు నడిచి జంక్షన్లో ఆరున్నర బస్సు అందుకోవాలి. ఆ బస్సు టౌను బజారుకు పోతుంది. అది తప్పితే మళ్ళీ పదింటికే. పదింటి బస్సులో పోయిన చేపకు కన్ను తెల్లబడుతుంది, మొప్ప నల్లబడుతుంది. బజార్లో ఆడవాళ్ళు మొప్ప ఎత్తి చూసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని, పక్క గంప దగ్గరికి పోతారు. కాబట్టి దేముడమ్మ బతుకంతా ఆ ఆరున్నర బస్సు మెట్టు మీద ఉందనుకో. అప్పటిదాకా ముప్పై నాలుగేళ్ళలో ఆ బస్సు ఆమెకు రెండేసార్లు తప్పింది. ఒకసారి తుపాను, ఒకసారి కాన్పు.

ఇప్పుడు ఆమె నడక సంగతి చెప్పాలి. కథంతా ఆ నడకలోనే ఉంది. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు ఆమె నెత్తిన నిండు నీళ్ళ బిందె పెట్టి, చుక్క తొణక్కుండా ఒడ్డు ఈ చివర నుంచి ఆ చివరకు నడిపించిందట, నెల రోజులు. ఒక పాదం నేలను పూర్తిగా పట్టుకున్నాకే రెండోది లేవాలి. నడుం కింద అంతా అలలా కదలాలి, నడుం పైన గడియారం స్తంభంలా ఉండాలి. రెండు పాదాలూ ఒక్కసారి నేల విడిచాయా, గంప ఎగిరి పడుతుంది, కింద చేప మీద పై చేప బరువు పడి కడుపు పగులుతుంది. అలా నడిచే దేముడమ్మను పక్కనుంచి చూస్తే నెమ్మదిగా పోతున్నట్టుంటుంది. వెనకనుంచి చూస్తే అప్పటికే కనపడదు.

ఇలా ఉండగా ప్రభుత్వానికి ఆ తీరం మీద ప్రేమ కలిగింది.

ముందు బండలు వచ్చాయి. సముద్రం ఒడ్డును కోసెయ్యకుండా నీటి అంచు పొడుగునా పోశారు. తెప్పలు లాగే చోట మాత్రం సందు వదిలారు. దేముడమ్మ ఇన్నాళ్ళూ నడిచింది ఆ అంచునే, తడిసి గట్టిపడిన ఇసుక మీద. ఆ దారి బండల కిందికి పోయింది. ఆ తరవాత బండలకూ ఇళ్ళకూ మధ్య నున్నటి బాట వేశారు. అద్దంలా ఉంటుంది, చెమ్చాతో పాయసం తీసి పోసినా తినొచ్చు. దాన్ని పొడుగునా మూడు పాయలు చేసి మూడు రంగులు కొట్టారు. నీలం సైకిళ్ళకు, ఎరుపు పరిగెత్తేవాళ్ళకు, ఆకుపచ్చ స్కేటింగ్‌కు. బాటకు పక్కన మూరెడు మెత్తటి ఇసుక మిగిలింది. ఉత్త చేతులతో అయితే అందులో నడవొచ్చు గానీ నెత్తిన బరువుంటే మడమ దాకా దిగబడిపోతుంది.

బాట అందంగానే ఉంది, అబద్ధం ఎందుకు. మొదటిరోజు ఊరంతా వచ్చి అరచేత్తో నిమిరి చూసింది. దేముడమ్మ అయితే లోపల్లోపల సంబరపడింది. ఇంత గట్టి నేల అయితే పది నిమిషాలు ముందే బస్సు దగ్గర ఉండొచ్చు, కూర్చుని ఒక టీ తాగొచ్చు అనుకుంది.

మర్నాడు పొద్దున్నే గంప ఎత్తుకుని బాట ఎక్కిందో లేదో, ఈల మోగింది.

ఈల ఊదింది ఎవరో కాదు, ఆమె అన్న కొడుకు అప్పన్నే. అతనికి ఆ బాట మీద కాపలా ఉద్యోగం వచ్చింది. ఉద్యోగం పేరు కాపలా కాదు, పథ క్రమశిక్షణ సహాయకుడు. కాకీ చొక్కా, మెళ్ళో ఈల, చేతిలో నిబంధనల పుస్తకం. మంచివాడే, కానీ పుస్తకంలో ఏముంటే అది చేస్తాడు. చిన్నప్పుడు మందు సీసా మీద బాగా కుదిపి తాగమని రాసి ఉందని, సీసాతో పాటు తనూ కుదిపించుకున్న రకం.

"అత్తా, ఇక్కడ నడవకూడదు," అన్నాడు.

"నడవకపోతే ఎగురుకుంటా ఎల్లమంటావేట్రా," అంది దేముడమ్మ.

"సైకిలు తొక్కొచ్చు, పరిగెట్టొచ్చు, సెక్రాల బూట్లేసుకోని జారొచ్చు. నడక మాత్తరం పుస్తకంలో లేదత్తా."

పుస్తకం తిరగేసి చూపించాడు. నిజమే, లేదు. పుస్తకంలో లేని పని చేస్తూ పట్టుబడితే ఏం చెయ్యాలో మాత్రం ఉంది. బాట మొదటికి వెనక్కి పంపాలి, మళ్ళీ మొదలు పెట్టనివ్వాలి. దేముడమ్మ మూడుసార్లు మొదలు పెట్టింది. మూడుసార్లూ వెనక్కి వచ్చింది. మూడోసారి వచ్చేసరికి జంక్షన్లో బస్సు హారన్ వినిపించింది. ఆ రోజు చేపంతా ఉప్పేసి ఎండబెట్టుకోవాల్సి వచ్చింది.

బాట చూసుకునే ఆఫీసు జంక్షన్లోనే ఉంది. తీర వినోద పథాల ప్రత్యేక అధికారి త్రివిక్రమరావుగారు అందులో కూర్చుంటారు. ఆయన చెడ్డవాడని అనకూడదు. దేముడమ్మను కుర్చీలో కూర్చోమన్నారు, మంచినీళ్ళు ఇప్పించారు, నెమ్మదిగా విషయం చెప్పారు.

"చూడమ్మా, ఈ పథానికి సంబంధించిన సమగ్ర నివేదికయందు వినియోగదారులను మూడు వర్గములుగా గుర్తించడమైనది. నాలుగో వర్గమునకు అవకాశము లేదు. అదీగాక నడక అనునది ప్రజలు అనాదిగా ప్రభుత్వ సహాయము లేకుండానే చేసుకొనుచున్న పని. అట్టి పనిని ప్రభుత్వము ప్రోత్సహించవలసిన అవసరమేమున్నది?"

దేముడమ్మకు సగం అర్థమైంది. "అయితే నానెలా ఎల్లాల బాబూ?" అంది.

"పరిగెత్తండి," అన్నారాయన చాలా అభిమానంగా. "ఆరోగ్యమునకు కూడా మంచిది."

సరే, మర్నాటి నుంచి దేముడమ్మ ఎర్ర పాయలోకి దిగింది. పరిగెత్తలేదనుకో. తన నడకే తను నడిచింది, కాకపోతే కొంచెం ముందుకు వంగింది. అప్పన్న చూసి, ఇంత జోరుగా పోతోంది కాబట్టి పరుగే అయి ఉంటుందని ఊరుకున్నాడు. నాలుగు రోజులు బస్సు అందింది.

ఐదో రోజున ఫిర్యాదు వచ్చింది. టౌను నుంచి కార్లేసుకుని పొద్దున్నే పరిగెత్తడానికి వచ్చేవాళ్ళు కొందరున్నారు. మెరిసే బూట్లు, ముంజేతికి గడియారాలు, చెవుల్లో వైర్లు. వాళ్ళంతా కలిసి రాసింది ఏమిటంటే, తాము ఎంతో శ్రమపడి పరిగెత్తుతూ ఉండగా, ఒక పెద్దావిడ నెత్తిన పాతిక కిలోల చేపలతో నడుచుకుంటూ తమను దాటిపోతున్నదనీ, పోతూ పోతూ పక్కకు జరగండి బాబూ అని కూడా అంటున్నదనీ, దీనివల్ల తమ మనోధైర్యం దెబ్బ తింటున్నదనీ.

త్రివిక్రమరావుగారు దీన్ని తేలిగ్గా తీసుకోలేదు. పరుగంటే ఏమిటో తేల్చడానికి ముగ్గురితో సంఘం వేశారు. ఆ ముగ్గురూ ఆరుసార్లు సమావేశమై, రెండుసార్లు జీడిపప్పు అయిపోయి మళ్ళీ తెప్పించుకుని, చివరకు ఒక వాక్యం రాశారు. రెండు పాదాలూ ఏకకాలంలో గాలిలో ఉండే క్షణం ఉన్నట్లయితే అది పరుగు, లేనట్లయితే నడక.

ఆ క్షణాన్ని పట్టుకోవడం ఎలా? నిలబడి చూస్తే తెలియదు. కాబట్టి క్రమశిక్షణ సహాయకుడు బాట పక్కన బోర్లా పడుకుని, చెంప నేలకు ఆనించి, పాదాల కింద వెలుగు కనపడుతోందో లేదో చూడాలన్నారు. ఎవరికీ పక్షపాతం చూపకుండా ఇంకో మాట కూడా కలిపారు. ముఖములు చూడరాదు, పాదములే చూడవలెను. ఈ మాట గుర్తు పెట్టుకో తల్లీ, మళ్ళీ పనికొస్తుంది.

అప్పన్న ఆ రోజు నుంచి బోర్లా పడుకోవడం మొదలుపెట్టాడు. చాప కూడా మంజూరైంది. దేముడమ్మ వస్తోంది, అప్పన్న చెంప ఆనించి చూస్తున్నాడు, ఒక పాదం నేల మీద, రెండోదీ నేల మీద, ఎప్పుడు చూసినా ఏదో ఒకటి నేల మీదే. వెలుగు లేదు. ఈల ఊదాడు.

"నువ్వెంత జోరుగెల్లినా నడకేనత్తా. నానేటి సెయ్యను, ఎలుగు రాలేదు."

ఆమె ఒకసారి నిజంగానే పరిగెత్తి చూసింది. పది అంగలు వేసేసరికి గంప ఎగిరింది, కానాగంత చేపలు ఎర్ర పాయ అంతా పరుచుకున్నాయి. వాటి మీద ఒక గడియారం మనిషి జారి, కూర్చున్న పళంగా పదడుగులు పోయాడు. అదృష్టం, దెబ్బ తగల్లేదు. అప్పన్న అది కూడా పడుకునే చూశాడు. జారిన మనిషి రెండు పాదాలూ గాలిలోనే ఉన్నాయి కాబట్టి నిబంధన ప్రకారం అది పరుగేనని రాసుకున్నాడు.

దేముడమ్మ ఇంటికి వచ్చి అరుగు మీద కూలబడింది. వరసకు వదిన అయ్యే పైడమ్మ పక్కింట్లోంచి వచ్చింది. పైడమ్మది కూడా గంప బతుకే, నోరు మాత్రం రెండు గంపలంత.

"ఏటొదినా, ఈ వయసులో పందేలకి దిగినావంట. కప్పేదైనా ఇచ్చారేటి," అంది.

దేముడమ్మ నవ్వలేదు. అప్పటికే వరసగా పదిహేను రోజులు ఆరున్నర బస్సు తప్పింది. బజార్లో ఆమె కూర్చునే చోట ఎవరో ఉల్లిపాయలు పెట్టుకున్నారట. ముప్పై నాలుగేళ్ళ చోటు. ఆ మాట పైడమ్మకు చెప్పింది. పైడమ్మ పక్కన కూర్చుని కాళ్ళు పట్టింది.

ఇంతలో ఇంకో తమాషా జరిగింది. నీలం పాయలో సైకిళ్ళు కొద్దో గొప్పో తిరుగుతున్నాయి, ఎర్ర పాయలో గడియారాలు తిరుగుతున్నాయి, ఆకుపచ్చ పాయలో మాత్రం ఒక్క పురుగు లేదు. ఆ చుట్టుపక్కల పాతిక మైళ్ళలో స్కేటింగ్ వచ్చినవాడు పుట్టలేదు. పైవాళ్ళు నెలనెలా స్కేటర్లెందరని అడుగుతారు. త్రివిక్రమరావుగారు నెలనెలా సున్నా అని రాయలేక, పురోగతి ప్రారంభ దశలో ఉన్నది అని రాస్తున్నారు. చివరకు పైనుంచి నలభై జతల చక్రాల బూట్లు వచ్చాయి, స్థానిక మహిళలను స్కేటింగు వైపు మళ్ళించమని. అన్ని జతలూ ఎనిమిదో నంబరు బూట్లే.

పంచిపెట్టిన రోజు చూడాలి. పుట్టాక చెప్పన్నదే తొడగని పాదాలు, గుల్లలు తొక్కి తొక్కి వెడల్పైన పాదాలు. పైడమ్మ ఒక్కతే ధైర్యం చేసి తొడుక్కుని లేచింది. ముందుకు పోదామనుకుంటే పక్కకు పోయింది, పక్కకు పోదామంటే వెనక్కు పోయింది, పీతలా నాలుగు చుట్లు తిరిగి వచ్చి త్రివిక్రమరావుగారి ఒళ్ళో కూర్చుంది. ఆయన లేచి, శిక్షణ దశలో ఇట్టివి సహజమని మాట్లాడి వెళ్ళిపోయారు.

బూట్లు అందరి ఇళ్ళలోనూ ఓ మూలకు చేరాయి. దేముడమ్మ ఇంట్లో కూడా అంతే. ఆమె చేప తోముతూ వాటినే చూస్తూ కూర్చుంది. కూర్చున్నది పీట మీద. పీటకు నాలుగు కాళ్ళు. లేచి, పీటను తిరగేసి చూసింది. పైడమ్మ జత కూడా అడిగి తెచ్చింది. ఒక్కో పీట కాలుకూ ఒక్కో బూటు తొడిగి, వదులు లేకుండా పాత వల ముక్కలు కుక్కి, లేసులు బిగించి కట్టింది. పీట మీద గంప పెట్టింది. ముందు ఒక తాడు కట్టింది.

మర్నాడు పొద్దున్న ఆకుపచ్చ పాయలో పీట జారుకుంటూ పోతోంది, పీట మీద గంప, గంపలో కవ్వళ్ళు. దేముడమ్మ బాట మీద కాలు పెట్టలేదు. పక్కన మూరెడు ఇసుకలో, ఉత్త చేతులతో, తాడు పట్టుకుని నడుస్తోంది.

అప్పన్న పడుకుని చూశాడు. నాలుగు బూట్లు. బూట్లకు చక్రాలు. రంగు ఆకుపచ్చ. పుస్తకం తీశాడు. చక్రముల బూట్లు తొడుగుకొని ఆకుపచ్చ పాయయందు సాగిపోవువారు స్కేటర్లుగా పరిగణింపబడుదురు. లేచి దుమ్ము దులుపుకున్నాడు.

"ఎల్లు అత్తా," అన్నాడు. "నువ్వు కాదులే, పీట."

ఆ రోజు బస్సు అందింది. వారం తిరిగేసరికి పన్నెండు పీటలు బూట్లు తొడుక్కున్నాయి.

సంగతి త్రివిక్రమరావుగారి దాకా పోయింది. ఆయన బల్ల మీద ఆ నెల స్కేటర్ల కాగితం ఖాళీగా ఉంది. కాగితం వంక చూశారు, కిటికీలోంచి వరసగా జారిపోతున్న గంపల వంక చూశారు. పీటను వినియోగదారుగా రాయడానికి మనసొప్పలేదు, వస్తువు కదా. వినియోగదారు జీవి అయి ఉండాలి. చాలాసేపు ఆలోచించి, గంపలోనివారు ఈ ఉదయము వరకు జీవులే కదా అని తేల్చుకున్నారు. దేముడమ్మను పిలిపించి, ఒక గంపలో సుమారు ఎందరుంటారని అడిగారు.

"ఎందరేటి బాబూ?"

"కవ్వళ్ళు."

"వంజరాలయితే ఏడెనిమిదుంటాయి. కవ్వళ్ళయితే మూడొందలకి తగ్గవు."

ఆ నెల స్కేటర్ల సంఖ్య సున్నా నుంచి రోజుకు మూడు వేల ఆరు వందలకు పెరిగింది.

సంఖ్య పెరిగితే బాధ్యతా పెరుగుతుంది. స్కేటర్లకు హెల్మెట్ తప్పనిసరి అని పుస్తకంలో ఉంది. చేపకొక హెల్మెట్ అంటే పైవాళ్ళు ఒప్పుకోరు, చేప తలకు సరిపోయేది దొరకదు కూడా. అందుకని గంపకొక అల్యూమినియం మూత మంజూరు చేశారు. కాగితాల్లో దాని పేరు సామూహిక శిరస్త్రాణము. మూత వచ్చాక ఎండ తగల్లేదు, కాకి తన్నుకుపోలేదు, లోపల చేప వాడిపోలేదు. దేముడమ్మ చేపకు బజార్లో పేరొచ్చింది. ఉల్లిపాయలవాడు జరిగాడు. ప్రభుత్వం చేసిన పనుల్లో ఆ మూత మాత్రం మంచిదని పైడమ్మ ఇప్పటికీ ఒప్పుకుంటుంది.

అయినా దేముడమ్మకు ఒక్కటి వెలితిగానే ఉండిపోయింది. రెండు మైళ్ళూ ఇసుకలో కాళ్ళీడ్చుకుంటూ పోయేది, పక్కన గట్టి బాట మీద చేప హాయిగా పోయేది. సాయంత్రానికి పిక్కలు రాళ్ళయ్యేవి. నెత్తి మీద బరువు లేక మెడ ఏదో పోగొట్టుకున్నట్టు ఉండేది. పైగా మెత్తటి ఇసుకలో నడక నెమ్మదై, రోజూ బస్సు వెనక చెయ్యి ఊపుతూ ఎక్కడం అయ్యేది. ఏదో ఒక రోజు డ్రైవరు ఆపకుండా పోతాడని భయం. టీ మాట మరిచిపోయింది.

నాలుగు నెలలు గడిచాయి. పైనుంచి ఉత్తరం వచ్చింది. తెప్పలవానిపాలెం పథం స్కేటింగులో దేశంలోనే ముందుందనీ, పురస్కారానికి ఎంపికయ్యే అవకాశం ఉందనీ, పరిశీలకులు ఇద్దరు స్వయంగా వచ్చి ఉదయపు స్కేటర్లను కలుసుకుంటారనీ.

 త్రివిక్రమరావుగారు దేముడమ్మతో మాట్లాడదామని మొదటిసారి పాలెం లోపలికి బయల్దేరారు. ఆలోచనలో పడి బాట ఎక్కి నడిచేస్తున్నారు. ఈల మోగింది. అప్పన్న బోర్లా పడుకుని ఉన్నాడు. అతనికి కనపడేది నల్లబూట్లు రెండే.

"ఎలుగు రాలేదండీ. మళ్ళీ మొదట్నుంచి రండి."

"ఒరే అప్పన్నా, నేనురా," అన్నారాయన.

"ముకాలు సూడకూడదండీ. పుస్తకం."

ఆ వాక్యం ఆయన సంతకంతోనే ఉంది. చేసేది లేక వెనక్కి పోయి, ఫైలు చంకలో పెట్టుకుని, రెండు పాదాలూ గాలిలో ఉండేలా గెంతుకుంటూ దేముడమ్మ గుమ్మం ముందు వచ్చి వాలారు. ఆమె మంచినీళ్ళిచ్చి, పీట వెయ్యబోయి, పీటకు చక్రాలున్నాయని గుర్తొచ్చి చాప వేసింది.

రొప్పు తీరాక విషయం చెప్పారు. రేపు గంపలు వరసగా రావాలి, మూతలు తియ్యకూడదు, అడిగితే లోపల స్కేటర్లు విశ్రాంతిలో ఉన్నారని చెప్పాలి. అంతా విని దేముడమ్మ తలూపింది.

"అలాగే బాబూ. మరి నాకో జానెడు దారియ్యండి, నడుసుకోని ఎల్తాను."

అది తప్ప ఏదైనా అడగమన్నారాయన. నడక అనే మాట ఒక్కసారి లోపలికి రానిస్తే మూడు వర్గాలు నాలుగవుతాయి, నివేదిక మార్చాలి, రంగులు మార్చాలి, తన జన్మలో అయ్యే పని కాదు. ఆమె మళ్ళీ అడగలేదు. ఆయన గెంతుకుంటూ వెళ్ళిపోయారు.

పరిశీలకులు తెల్లారి ఐదున్నరకల్లా పాలెం చివర కారు దిగారు. ఒకాయన బాగా పెద్దవారు, మోకాలు నొప్పితో ఒక కాలు ఈడుస్తారు. ఇంకొకామె కళ్ళజోడు మేడమ్, చేతిలో గళ్ళ కాగితాలు. పన్నెండు పీటలు వరసగా నిలబడ్డాయి, మూతలు తళతళలాడుతున్నాయి. పక్కన ఇసుకలో పన్నెండు మంది ఆడవాళ్ళు తాళ్ళు పట్టుకుని ఉన్నారు. త్రివిక్రమరావుగారు పథం చరిత్ర చెప్పడం మొదలుపెట్టారు. ఆరు కావస్తోంది. దేముడమ్మ కాలు మార్చి కాలు మీద నిలబడుతోంది. ఈ వేళకు సగం దారిలో ఉండాలి.

"స్కేటర్లెక్కడ?" అన్నారు పెద్దాయన.

"ఎదుటనే ఉన్నారండి. సామూహికముగా."

పెద్దాయన వంగి మొదటి గంప మూత ఎత్తారు. లోపల నుంచి ఒక వంజరం ఆయన్ను చూసింది. ఆయన వంజరాన్ని చూశారు. చాలాసేపు ఎవరూ కళ్ళు తిప్పలేదు. మేడమ్ కాగితంలో గడి వెతుక్కుని, స్కేటర్ల నుంచి ఫిర్యాదులేమైనా వచ్చాయా అని అడిగింది.

"ఇంతవరకు ఒక్కరూ నోరు మెదపలేదండి," అన్నారు త్రివిక్రమరావుగారు. అది నిజమే.

మేడమ్ రాసుకుంది. రాసుకుంటూ దేముడమ్మ వైపు తిరిగి, మీరెందుకమ్మా బాట వదిలేసి ఇసుకలో నిలబడ్డారు అని అడిగింది.

దేముడమ్మ త్రివిక్రమరావుగారి వంక చూడలేదు.

"నాను మడిసినమ్మా," అంది. "ఇక్కడ సేపకి దారుంది, మడిసికి లేదు. ముప్పై నాలుగేళ్ళు నా కాళ్ళతో నడిసెల్లి బస్సెక్కినాను. ఇప్పుడు బస్సు ఎల్లిపోయే ఏళయింది. మీరు మాటాడుకోండి, మాం ఎల్తాం."

 మేడమ్ కలం కాగితం మీదే ఆగిపోయింది. సరే, నడుస్తూ మాట్లాడుకుందాం అన్నారు పెద్దాయన. నాలుగడుగులు వేశారో లేదో ఈల మోగింది.

"గోదుంరంగు సెప్పులు, ఎలుగు రాలేదు. తెల్ల సెప్పులు, ఎలుగు రాలేదు. నల్లబూట్లు, మళ్ళీ మీరే. అందరూ ఎనక్కెళ్ళి మొదట్నుంచి రండి," అన్నాడు అప్పన్న చెంప నేల మీద నుంచి ఎత్తకుండా.

త్రివిక్రమరావుగారు వద్దురా అంటూ చేతులు ఊపారు. చేతులు చూడమని పుస్తకంలో లేదు. పెద్దాయన విషయమంతా విని, పుస్తకం తెప్పించుకుని, కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చదివారు. తన మోకాలితో పరుగు కుదరదు, సైకిలు రాదు, చక్రాలు వద్దు. ఇంకేముంది, బాట చివరి దాకా పోకుండా నివేదిక రాయకూడదు, నివేదిక లేకుండా పురస్కారం లేదు, కారు ఎక్కేస్తాం అన్నారు.

 త్రివిక్రమరావుగారు గంపల వంక చూశారు, పెద్దాయన మోకాలి వంక చూశారు, ఇసుకలో దిగబడి ఉన్న దేముడమ్మ పాదాల వంక చూశారు. అప్పుడాయనకు బుద్ధి వెలిగింది. అక్కడికక్కడే ఒక గంప మూత మీద కాగితం పెట్టుకుని రాసి, గట్టిగా చదివారు.

"గౌరవ పరిశీలకులు చేసినది నడక కాదని ఇందుమూలముగా స్పష్టము చేయడమైనది. అది స్థిరపాద పరుగు. కనీసము ఒక పాదము ఎల్లప్పుడును నేలపై ఉండునట్టి పరుగే ఇకమీదట ఈ పథముపై పరుగుగా గుర్తింపబడును. పూర్వపు నిర్వచనము రద్దు చేయడమైనది. నడక యథాప్రకారము నిషేధము."

అప్పన్న ఆ కాగితం తీసుకుని పుస్తకంలో అంటించాడు.

దేముడమ్మకు మొదటిసారి ఆయన మాట మొత్తం అర్థమైంది. తాడు వదిలేసింది. గంపను పీట మీంచి రెండు చేతులా ఎత్తి నెత్తిన పెట్టుకుంది. మెడ ఒక్కసారి కిందికి దిగి, నిలదొక్కుకుంది. నాలుగు నెలల తరవాత ఎర్ర పాయ మీద కాలు పెట్టింది. ఒక పాదం నేలను పట్టుకున్నాక రెండోది లేచింది. అప్పన్న చెంప ఆనించి చూశాడు. కళ్ళు చికిలించి మరీ చూశాడు. ఒక్కసారి కూడా వెలుగు రాలేదు. ఈల జేబులో పెట్టుకున్నాడు. మేడమ్ గడియారం చూసుకుని తలెత్తేసరికి దేముడమ్మ వంపు తిరిగిపోయింది.

బస్సు అందిందా అంటావా? అందింది. మెట్టు మీద కాలు పెట్టాక డ్రైవరు హారన్ కొట్టాడు.

పురస్కారం కూడా వచ్చింది. ఆఫీసు గోడకు ఉంది. నడక నిషేధం అన్న బోర్డు ఇప్పటికీ బాట మొదట్లోనే ఉంది, దాని కింద నుంచే పాలెం అంతా గంపలతో, బిందెలతో, వలలతో పోతూ వస్తూ ఉంటుంది. అరుగుల మీంచి లేచి బాట మీద చేరి కూర్చున్న ముసలాళ్ళను ఆసీన పరుగు కింద రాసుకున్నారని విన్నాను. చిక్కు వచ్చి పడింది గడియారాల వాళ్ళకే. కొత్త నిర్వచనం వచ్చాక వాళ్ళు రెండు పాదాలూ గాలిలో పెట్టినప్పుడల్లా అప్పన్న ఈల ఊదుతున్నాడు. బాబూ, మీరు పరిగెట్టడం లేదు, గెంతుతున్నారు, మళ్ళీ మొదట్నుంచి రండి అంటున్నాడు.

పాపం వాళ్ళు ఏం చేస్తారు. అందుకని ఆదివారాలు దేముడమ్మ దగ్గరికి వస్తున్నారు. బజారు నుంచి వచ్చి, జంక్షన్లో కూర్చుని టీ తాగి, ఆమె వాళ్ళను ఎర్ర పాయలో బారుగా నిలబెడుతుంది. ఒక్కొక్కరి నెత్తిన నిండు నీళ్ళ బిందె పెడుతుంది. చుక్క తొణక్కుండా ఈ చివర నుంచి ఆ చివరకు. పైడమ్మ పక్కన కూర్చుని ఎవరి బిందె తొణికిందో కేకేసి చెబుతూ ఉంటుంది.

ఇదమ్మా సంగతి. ఇంటికి పోయి నీ తమ్ముడికి చెప్పు, రేపు బళ్ళో స్నేహితులకు చెప్పు. వంజరం, పెద్దాయన ఒకళ్ళనొకళ్ళు చూసుకున్న చోట తొందరపడకు, కాస్త ఆగి చెప్పు. హెల్మెట్లూ పీటలూ మరిచిపోయినా నష్టం లేదు గానీ, గంప నెత్తికెత్తుకున్నప్పుడు దేముడమ్మ మెడ ఒక్కసారి దిగి నిలదొక్కుకుందే, అది మాత్రం వదలకుండా చెప్పాలి. చెబుతావు కదూ?